దేవదానం చెప్పని ఆరో రోజు పాఠం

దేవదానం గారు బతికున్నప్పుడు నేనాయన్ని చాలాకాలం ‘గారు’ అనలేదు. ఏమయ్యా అనేవాణ్ణి, ఇదిగో అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను శోభనాద్రి గారూ అనే పిలిచేవాడు. వయసులో నాకంటే పదహారేళ్ళు పెద్ద. ఈ ముక్క ముందుగా ఒప్పుకుంటే తక్కినది చెప్పడం తేలికవుతుందనుకున్నాను గాని, అవడం లేదు.

1961లో నేను బందరులో ఒక విమాన సరుకుల కంపెనీకి బుకింగ్ గుమాస్తాని. కంపెనీకి రెండు పాత డకోటా విమానాలుండేవి. అవి గన్నవరం మైదానం నుంచి మద్రాసుకీ హైదరాబాదుకీ సరుకు మోసేవి. బందరులో ఒక ఆఫీసు, గుడివాడలో ఒక ఆఫీసు. రెండు చోట్లా కట్టిన పెట్టెలు లారీ మీద గన్నవరం చేరేవి. చిలకలపూడి గిల్టు నగలు, పెడన అద్దకం బట్టలు, మందుల పెట్టెలు, ఒకసారి ఎవరో దొరగారి వేటకుక్క, ఏది తెచ్చినా చీటీ రాసి పంపేవాళ్ళం. దేని పక్కన ఏది పెట్టకూడదో మాలో ఎవడికీ పట్టలేదు. ఒకసారి సరుకుగా ఎక్కించిన లారీ బ్యాటరీలోంచి యాసిడ్ కారి విమానం నేల రేకుని తినేసింది. అప్పుడు పైవాళ్ళకి భయం పుట్టి, ప్రమాదకరమైన సరుకు ఎలా కట్టాలో, ఎలా ఎక్కించాలో నేర్చుకురావడానికి ఒక మనిషిని మద్రాసు పంపమన్నారు.

న్యాయంగా వెళ్ళాల్సింది నేను. అక్కడ మూడు వారాలు షెడ్డులో నిలబెట్టి డబ్బాలు మోయిస్తారని విని, మా నాన్నకి ఒంట్లో బాగాలేదని చెప్పేశాను. గుడివాడ గుమాస్తా ప్రకాశరావుకి సరిగ్గా అదే వారం నడుం పట్టేసింది. చివరికి మేనేజరు నాగభూషణరావు గారు లోడింగ్ మేస్త్రీ దేవదానాన్ని పంపించారు.

ఆయనది దివిసీమలో కోడూరు అవతల ఒక చిన్న పేట. తండ్రి ఆసాములింట్లో పాలేరు. మిషను వాళ్ళ బోర్డింగు బడి పుణ్యమాని ఎనిమిదో క్లాసు దాకా బందరులో చదివాడు. ఇంగ్లీషు మాత్రం ఎవరో చెబితే వచ్చింది కాదు. తెలుగు బైబిలు ఒక పక్కా, ఇంగ్లీషు బైబిలు ఒక పక్కా పెట్టుకుని, వాక్యం వెంట వాక్యం పోల్చి చూసుకుంటూ నేర్చుకున్నాడు. యుద్ధం రోజుల్లో గన్నవరం మైదానంలో మూటలు మోశాడు. అక్కడ ఒక తోటి కూలీ చేతుల మీద యాసిడ్ ఒలికింది. “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు గదండీ. వాడికి పట్టుకోడానికి ఆకులు కూడా లేవండి, బురదలో పెట్టుకుని అరిచాడు” అని ఒకసారి నాతో చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఆఫీసులో తిరగబడింది. ఆయన చెబుతుంటే నేను పళ్ళు కుట్టుకుంటూ విన్నాను.

గుడివాడలో కాపురం. భార్య ఆనందమ్మ. పిల్లలు కలగలేదు. ఆనందమ్మ తమ్ముడు అబ్బులు ఆరేళ్ళవాడుగా ఉన్నప్పుడు తండ్రి పోతే, దేవదానం గారు వాణ్ణి కోడూరు నుంచి భుజాన ఎక్కించుకుని తెచ్చి పెంచాడు. చదువు అబ్బలేదు గాని ఒళ్ళు అబ్బింది, గొంతు అబ్బింది. వాణ్ణి కంపెనీలో లోడరుగా పెట్టించాడు, సువర్ణ అనే పిల్లనిచ్చి పెళ్ళి చేశాడు. బావమరిది అనడమే గాని ఆ ఇంటికి కొడుకు వాడే. “మావాడు” అనే మాట దేవదానం గారి నోట రోజుకి పదిసార్లు వినపడేది.

మద్రాసు నుంచి ఆయన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ప్రమాదకరమైన పెట్టెల మీద అంటించే ఎర్ర చీటీల కట్ట, ఒక సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. నెల రోజులు కూచుని పుస్తకంలో మాకు కావలసినదంతా పొడుగాటి నోటుబుక్కులో తెలుగు చేశాడు. ఆరు రోజుల పాఠాలుగా విడదీశాడు. వినేవాళ్ళం నలుగురం. నేను, ప్రకాశరావు, లోడర్లు బాలస్వామి, అబ్బులు. బందరు ఆఫీసు వెనక గోడౌనులో క్లాసు.

ఆయన పద్ధతి సండే స్కూలు పద్ధతి. పిల్లలకి బైబిలు వాక్యం చెప్పి, కంఠతా పట్టించి, లేచి నిలబడి అప్పజెప్పమంటారే, అచ్చం అదే. “యాసిడ్ సీసా మూతి ఎప్పుడూ పైకే ఉండవలెను. సీసా చుట్టూ గడ్డి గాని, దూది గాని, చెక్కపొట్టు గాని ఉండరాదు. యాసిడ్‌ని పీల్చుకునే మద్రాసు మట్టిపొడి మాత్రమే పోయవలెను.” బాలస్వామి, అబ్బులు చిన్నప్పట్నుంచీ అలవాటైనవాళ్ళు గనక రాగంతో సహా అప్పజెప్పేవాళ్ళు. మెట్రిక్ ప్యాసైన నేను, ఒక మేస్త్రీ ముందు చేతులు కట్టుకు నిలబడి, మరిచిపోతే మళ్ళీ మొదటికొచ్చి చెప్పాలి. ఒళ్ళు మండిపోయేది.

ప్రకాశరావు అడిగాడు. “గడ్డి పెడితే ఏమవుద్దయ్యా? మనవైపు గడ్డి లేకుండా ఏ వస్తువు ఊరు దాటుద్ది?”

అది నిజమే. మామిడిపళ్ళకి గడ్డి, గాజులకి గడ్డి, కోడిగుడ్లకి గడ్డి, కొత్త కుండలకి గడ్డి. పగిలే వస్తువు కనపడితే మా చెయ్యి తనంతట తనే గడ్డి వైపు వెళ్తుంది.

“మండుద్దండి. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు” అన్నాడు దేవదానం గారు.

నాలుగో రోజు నేను మేనేజరు గారికి ఉత్తరం రాశాను. ఆఫీసు పని పాడవుతోందనీ, ఈ చదువు ఐదు రోజులు చాలుననీ రాశాను. చేతులు కట్టుకోవలసి వస్తోందని రాయలేదు. శుక్రవారంతో ముగించమని ఆర్డరు వచ్చింది. శుక్రవారం సాయంత్రం క్లాసయ్యాక దేవదానం గారు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“ఇంకొక్క పాఠం మిగిలిందండీ. ఏదన్నా జరిగాక ఏం చెయ్యాలన్నది. రేపు ఓ పావుగంట కూచుంటే…”

“జరిగినప్పుడు చూసుకుందాం లేవయ్యా. పుస్తకం నీ దగ్గరే ఉందిగా.”

సరేనండీ అని వెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర అబ్బులుకైనా చెబుదామని చూశాడట. “ఇంట్లో కూడా బడేనా బావా” అని వాడు చాప దులుపుకుని పడుకున్నాడట.

మూడు వారాలు గడిచాయి. ఆ ఏటి వానలకి రైలు కట్ట ఒకచోట కోసుకుపోయింది. చిలకలపూడి గిల్టు నగల వ్యాపారి ఒకాయన హైదరాబాదులో కొత్తగా కొట్టు పెట్టాడు. మెరుగు పెట్టే యాసిడ్ మన పనివాళ్ళు కలిపిందైతేనే రంగు తేలుతుందనీ, అక్కడ దొరికేదానితో నగ నల్లబడుతోందనీ, పండగ లోపల పంపి తీరాలనీ పెద్ద గాజు జాడీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. మద్రాసు మట్టిపొడి ఇంకా రాలేదు. పొడి లేకపోతే యాసిడ్ తీసుకోకూడదు. ఆ వాక్యం నేను నిలబడి అప్పజెప్పినదే. బయట లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. వ్యాపారి బతిమాలుతున్నాడు. ‘మేస్త్రీ మాటలకేం, మన తాతల నాటి నుంచి గడ్డితోనే కడుతున్నాం’ అనుకున్నాను. చెక్కపెట్టెలో జాడీని దింపి, చుట్టూ వరిగడ్డి బిగించి కూరాను. పైన ఎర్ర చీటీ వంకర లేకుండా అంటించాను.

మర్నాడు శనివారం. పొద్దున ఏడింటికి విమానం లేచింది. సరుకుతో పాటు ఒక లోడరు కూడా వెళ్ళడం అలవాటు. ఆ రోజు వంతు అబ్బులుది.

ఏం జరిగిందో నాకు వాడే చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండింటికి మా బందరు ఆఫీసు గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. చొక్కా మీద మసి.

“శోభనాద్రి గారూ, పునర్జన్మండీ! పైకి లేచి పది నిమిషాలయ్యిందో లేదో, మీ పెట్టెలోంచి పొగ. నారింజ తొక్క రంగండీ. పైలట్ దొరకి కేకేసి తలుపేసుకోమన్నా. పెట్టెని వేరేగా ఈడ్చి, ఇసక బకెట్లు రెండూ బోర్లించి, తడి గోతాలు కప్పి, వాటి మీద కూచున్నా. బావ చెప్పిన వాక్యాలు వరసగా అప్పజెప్పుకుంటా కూచున్నానండీ. విమానం వెనక్కి తిప్పి దింపేసరికి పావుగంట పట్టింది.”

“నీకేం కాలేదుగా?”

“గొంతులో కాస్త గరగర. అంతే. దొర చెయ్యి కలిపాడు నాతో! మేనేజరు గారు రెండ్రోజులు సెలవిచ్చారు. మా అమ్మ వింటే ఊరుకోదు, సాయంత్రమే కృతజ్ఞత కూటం పెట్టిస్తది. పేటంతటికీ బందరు లడ్డు పంచాలి.”

వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించాడు. “గడ్డి సంగతి నేనెవరికీ చెప్పలేదు లెండి. అంతా బూడిదైపోయింది. ఇంకెప్పుడూ పెట్టకండి, ఏం?”

నా గుండె కుదుటపడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, వాడు బతికినందుకు కాదు, గడ్డి కాలిపోయినందుకు. నా డబ్బులతో కాఫీ తెప్పించి ఇచ్చాను. లడ్డు బుట్ట నెత్తిన పెట్టుకుని కోడూరు బస్సు వెనక పరిగెత్తి ఎక్కాడు.

రెండింటికి దేవదానం గారు వచ్చాడు. గుడివాడలో ఉండగా ఫోనొస్తే గన్నవరం వెళ్ళి, అక్కడ అబ్బులు లేడని తెలిసి బందరు బస్సు పట్టుకున్నాడట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన్ని చూడగానే నేను పాత పెట్టెలు సర్దడం మొదలెట్టాను. ఆయన గడ్డి మాట ఎత్తనే లేదు.

“అబ్బులు ఏడండీ?”

“ఊరెళ్ళాడు. లక్షణంగా ఉన్నాడు.”

“నడిచే వెళ్ళాడా?”

“నడవడమేంటి, బస్సు వెనక పరిగెత్తి మరీ ఎక్కాడు.”

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో ‘ఆరవ దినము’ అని రాసి ఉంది. ఆ నారింజ రంగు పొగ పీల్చినవాడు మొదట బాగానే ఉంటాడు. దగ్గు రాకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు ఊరి, నేలమీదే మునిగిపోతాడు. కాబట్టి బాగున్నాననే మాట నమ్మరాదు. వెంటనే పడుకోబెట్టవలెను. నడవనియ్యరాదు, బరువు మోయనియ్యరాదు, గట్టిగా మాట్లాడనియ్యరాదు. మంచం మీద మోసుకుని ఆసుపత్రికి చేర్చి, రెండు రోజులు అక్కడే ఉంచవలెను.

“ఈ ఒక్క పేజీ చెప్పి ఉంటే మావాడు గన్నవరంలోనే పడుకునేవాడండీ. నేను చెప్పిందేదీ వాడు తప్పలేదు. చెప్పలేదు నేను” అన్నాడు దేవదానం గారు.

చెప్పనివ్వనిది నేను. ఆ మాట అనకుండా నోటుబుక్కు మూసి ఆయన చేతికిచ్చాను.

ఆయన అక్కణ్ణుంచి మిషను ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరుగారు అంతా విని, ఆక్సిజన్ సిద్ధంగా ఉంచుతాను, కదపకుండా తెండి, ఎంత తొందరగా తెస్తే అంత మంచిది అన్నారు. కోడూరుకి తర్వాత బస్సు నాలుగింటికి. టెలిగ్రాం ఇస్తే రేపటికి చేరుతుంది. రోడ్డు మీద చేతులు చాపి అడ్డంగా నిలబడి, అవనిగడ్డ వెళ్ళే బియ్యం మిల్లు లారీని ఆపాడు. నన్ను రమ్మనలేదు. నేను ఉండలేక ఎక్కాను.

చల్లపల్లి దాకా లారీ బాగానే వెళ్ళింది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటేచోట ఎడ్లబళ్ళు వరసకట్టి ఉన్నాయి. ఆయన దిగి ఒక్కొక్క బండివాడికీ దండం పెట్టాడు. “మా పిల్లోడు చచ్చిపోతున్నాడు బాబూ, కాస్త పక్కకి తియ్యండి.” ఏ జబ్బని ఒకడు అడిగాడు. ఏం చెప్పాలి? ఇప్పుడు వాడు లడ్డూలు పంచుతూ ఉంటాడని చెప్పాలా? అవనిగడ్డలో ఐదవుతోంది. లారీ అక్కడితో సరి. అద్దె సైకిళ్ళు రెండు తీసుకుని బురద రోడ్డున పడ్డాం. ఆయన సైకిలు గొలుసు మూడుసార్లు ఊడింది. మూడోసారి ఎక్కించడం మానేసి, సైకిలు గట్టున పారేసి నా వెనక ఎక్కాడు. దారంతా ఒకే మాట, “ప్రభువా, వాణ్ణి కూచోబెట్టు. ప్రభువా, వాణ్ణి కూచోబెట్టు.”

కోడూరు దాటి కాలవ గట్టు మీద రెండు మైళ్ళు నడక. పొద్దు వాలుతోంది. పేట ఇంకా కనపడకముందే పాట వినపడింది. అందరి గొంతుల మీదా ఒక గొంతు. అది అబ్బులుది. దేవదానం గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.

ప్రార్థన గుడి ముందు పందిరి వేశారు. వాసాలు మోసిందీ, పాతిందీ, దూరపు బావి నుంచి కావడితో మంచినీళ్ళు తెచ్చిందీ అబ్బులేనట. తనకి జరిగిన మేలుకి తనే చాకిరీ చెయ్యాలని వాడి పట్టుదల. పందిరి మధ్య నిలబడి కంజిర వాయిస్తూ పాడుతున్నాడు. నుదుట చెమట. పెదాల రంగు నాకు నచ్చలేదు.

“ఒరే అబ్బులూ, ఆపు! కూచో! పాడమాక!”

పాట ఆగిపోయింది. పాస్టరుగారు ఆశ్చర్యంగా చూశారు. “దేవదానం, స్తుతి పాట ఆపమంటున్నావా?”

“ఆపమంటున్నానయ్యగారూ. వాణ్ణి పడుకోబెట్టాలి. ఆసుపత్రికి మంచం మీద మోసుకెళ్ళాలి.”

అబ్బులు తల్లి దేవమ్మ లేచి కొడుకుకి అడ్డం నిలబడింది. “ఏంటి అల్లుడూ ఆ మాటలు? దేవుడు అగ్గిలోంచి తీసి ఇచ్చిన బిడ్డ. చెట్టంత మనిషి ఎదురుగుండా పాడతా ఉంటే మంచమ్మీద మోస్తారా? శవాన్ని మోసినట్టు?”

“అత్తమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా.” నిజంగానే పట్టుకున్నాడు.

అబ్బులు నవ్వాడు. “బావా, నాకేం కాలేదు. ఇదిగో చూడు” అని రెండుసార్లు ఎగిరాడు. అందరూ నవ్వారు. దేవదానం గారు ఆ ఎగురుతున్న మనిషిని వాటేసుకుని బలవంతంగా నేలమీద కూలేశాడు. పెద్దలు కోప్పడ్డారు. మద్రాసు వెళ్ళొచ్చాక అల్లుడికి దేవుడి మీద నమ్మకం సడలిందన్నారు. నోటుబుక్కు తీసి చదివితే, దొరల పుస్తకం గొప్పదా ప్రార్థన గొప్పదా అని ఒకాయన అడిగాడు. నన్ను చూపించి, ఈ గుమాస్తా గారిని అడగండని బతిమాలాడు దేవదానం గారు. నిజమేనని చెప్పాను. నా మాటకి కాస్త విలువిచ్చారు. కానీ ఈలోగా అరగంట పైనే గడిచిపోయింది. చివరికి వాళ్ళని ఒప్పించింది ఆయనా కాదు, నేనూ కాదు. అబ్బులు దగ్గాడు. ఒకసారి దగ్గి, ఆగి, వింతగా తన అరచేతిలోకి చూసుకున్నాడు. గులాబిరంగు నురగ.

అప్పుడు మంచం వచ్చింది. అప్పుడు నలుగురు కాదు, పదిమంది భుజం పట్టారు. గట్టు మీద పరిగెత్తినట్టే నడిచారు. మంచం పట్టె పట్టుకుని దేవదానం గారు పక్కనే నడుస్తున్నాడు. అబ్బులు పడుకోలేక లేచి కూచుని, ఊపిరి కోసం మెడ సాచి, మధ్యలో ఒకసారి అడిగాడు.

“బావా, ఇది… ఏ రోజు పాఠం?”

“ఆరో రోజుదిరా.”

“మరి… చెప్పలేదే?”

“రేపు చెబుతాలే. నువ్వు మాట్లాడమాక.”

కోడూరులో వడ్లలారీ దొరికింది. ఆసుపత్రికి చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరుగారు చెయ్యగలిగినదంతా చేశారు. తెల్లవారాక ఎనిమిదింటికి అబ్బులు పోయాడు. నిన్న పొద్దునే తెచ్చి ఉంటే బతికేవాడా అని దేవదానం గారు అడిగితే, డాక్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

కంపెనీ విచారణలో గడ్డి మాట రాలేదు. తెలిసిన ఒక్క అబ్బులూ ఎవరికీ చెప్పకుండానే పోయాడు. దేవదానం గారు ఆ తర్వాత పదకొండేళ్ళు ఊరూరా తిరిగి ఎందరో లోడర్లకీ గుమాస్తాలకీ ఈ చదువు చెప్పాడు. ఆరో రోజు పాఠం మొదటి రోజే చెప్పేవాడని విన్నాను. ఆ సంగతులు రాయడానికి ఆయన శిష్యులు చాలామంది ఉన్నారు. నేను రాయాల్సింది సమాధుల దొడ్డిలో జరిగినది. అక్కడున్న గుమాస్తాలం ఇద్దరమే, మాలో ప్రకాశరావు చనిపోయి రెండేళ్ళయింది.

సోమవారం మధ్యాహ్నం మట్టి చేశారు. కంపెనీ తరఫున నేను, ప్రకాశరావు, బాలస్వామి వెళ్ళాం. ఆనందమ్మ తల్లిని పట్టుకుని నేలమీద పడి ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, మనుషులం ఏం చెయ్యగలం, దేవుని చిత్తం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. దేవదానం గారు అనలేదు.

“దేవుడి మీద పెట్టకండయ్యగారూ. ఆయన మద్రాసులో నాకు ముందుగానే చెప్పించాడు” అన్నాడు.

సువర్ణ తల ఎత్తింది. అబ్బులు భార్య, ఇరవై రెండేళ్ళ పిల్ల.

“అన్నయ్యా, మీకు ముందే తెలుసా?”

ఆ శనివారమే తెలిసిందంటే అక్కడ నమ్మనివాళ్ళు లేరు.

“తెలుసమ్మా. రాసుకున్నా. చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

ఆయన నావైపు చూస్తాడనుకున్నాను. వాయిదా వేయించింది నేనని, ఆ ఉత్తరం రాసింది నేనని ఆయనకి తెలుసు. నాగభూషణరావు గారు ఆ ఉత్తరం ఆయనకి చూపించే ఆర్డరిచ్చారు. ఒక్క చూపు చూస్తే చాలు, నేను అక్కడే ఒప్పేసుకునేవాణ్ణి. ఆయన చూడలేదు. చూడకపోయినా చెప్పి ఉండొచ్చు నేను. చెప్పలేదు. ఎందుకో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నేను పిరికివాణ్ణి.

“నాదే తప్పమ్మా” అన్నాడాయన.

సువర్ణ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇంకా ఎవరికి చెప్పలేదు?”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ముగ్గురినీ చూపించాడు.

“ముందు వాళ్ళకి చెప్పండి. ఏడవడం తర్వాత ఏడుద్దురు గాని.”

దేవదానం గారు లేచి పంచెకంటిన మట్టి దులుపుకున్నాడు. గోడ పక్కకి తీసుకెళ్ళి మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. నోటుబుక్కు తెరవకుండానే మొదలుపెట్టాడు. నేను చేతులు కట్టుకున్నాను. ఆయన రెండుచోట్ల తప్పి, మళ్ళీ మొదటికొచ్చి చెప్పాడు. మొత్తం చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.